ఆరు నెలల కాపురానికి ఇంటర్నెట్

మా పక్కింటి అబ్బాయిని వాళ్ల కంపెనీ ఎనిమిది నెలల పనిమీద జర్మనీకి పంపుతోంది. పోయిన ఆదివారం వాళ్లమ్మగారు ఓళిగలు పట్టుకొని మా ఇంటికి వచ్చి, "అక్కడ దిగినాక ఇంటికి నెట్టు ఎట్ల పెట్టించుకోవాలో మావాడికి కాస్త చెప్పమ్మా, నువ్వు పడినావు కదా" అని అడిగారు. అడిగినంతసేపట్లో చెప్పి ముగించగలిగిన సంగతి కాదది. అదీగాక అనంతపురం నుంచి బెంగళూరు కంపెనీల్లో చేరి, అక్కడినుంచి ఆరు నెలలకో ఏడాదికో విదేశాలకు వెళ్తున్న పిల్లలు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు కాబట్టి, నేను పడ్డది పడ్డట్టు ఇక్కడ రాసి పెడుతున్నాను.

నేను 2023 ఏప్రిల్ మొదటి వారంలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు వెళ్లి సెప్టెంబరు చివరి దాకా ఉన్నాను. వారంలో మూడు రోజులు ఇంటినుంచే పని. సాయంత్రం కాగానే అమ్మానాయనలతో వీడియోలో మాట్లాడడం అలవాటు. వేసవిలో అక్కడికీ మనకూ మూడున్నర గంటల తేడా ఉంటుంది కనుక, నేను ఐదున్నరకు పని ముగించేసరికి ఇక్కడ తొమ్మిదవుతుంది, నాయన సంగటి తిని అరుగుమీద కూర్చొని ఉంటాడు. ఆ గంట మాట్లాడకపోతే ఆయనకూ నిద్రపట్టదు, నాకూ పట్టదు.

అనంతపురంలో ఇంటికి ఇంటర్నెట్ కావాలంటే మనం ఏం చేస్తామో అందరికీ తెలుసు. కేబుల్ ఆయనకు ఫోన్ చేస్తే సాయంత్రానికి నిచ్చెన, తీగ చుట్ట పట్టుకొని వస్తాడు, కరెంటు స్తంభం మీదినుంచి తీగ లాగి కిటికీ పక్కన రంధ్రం వేసి పెట్టె బిగిస్తాడు, ఆరు నెలల డబ్బు ముందే కడితే కొంత తగ్గిస్తాడు. వద్దనుకుంటే వచ్చే నెల డబ్బు కట్టకుండా ఊరుకోవచ్చు. నేను ఈ అలవాటుతోనే విమానమెక్కాను. అక్కడ పరిస్థితి వేరు. కనెక్షన్ అంటే మొదట ఒప్పందం, దానికొక కనీస గడువు, ఆ గడువు చాలా పథకాల్లో 24 నెలలు. మొదటి ఆరు నెలలు సగం ధర అని పెద్ద అక్షరాలతో కనబడే పథకాలు దాదాపు అన్నీ ఈ రెండేళ్ల ఒప్పందాలే. ఆరు నెలలుండి పోయేవాళ్లకు ఆ సగం ధర ఎంత ముద్దుగా కనబడినా పనికిరాదు, ఎందుకంటే మనం ఒప్పందం రద్దు చేయించుకోకుండా తిరిగి వచ్చేస్తే మిగిలిన పద్దెనిమిది నెలలూ పూర్తి ధర మన ఖాతాలోంచి పోతూనే ఉండవచ్చు. మా ఆఫీసులో ప్రొద్దుటూరు అబ్బాయి ఒకడు సరిగ్గా ఇదే చేసి, ఎనిమిది నెలలకు వెనక్కి వచ్చి, వాడని కనెక్షన్‌కు ఏడాదికి పైగా డబ్బు కట్టాడు.

అందువల్ల కొద్దికాలం ఉండేవాళ్లు వేగాన్ని కాదు, గడువును ముందు చూడాలి. ఎట్లా పెట్టించుకోవాలో అడిగే ముందు ఎట్లా వదిలించుకోవాలో అడగాలి. జర్మనీ చట్టం ఈ విషయంలో మనకు కొంత అండగానే ఉంది. 2021 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న టెలికాం చట్టం ప్రకారం మొదటి గడువు 24 నెలలకు మించకూడదు, 12 నెలలకు మించని ఒప్పందం ఒకటైనా కంపెనీ ఇవ్వాలి, మొదటి గడువు ముగిసిన తర్వాత నెల ముందు చెప్పి ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో చేసిన ఒప్పందాన్ని 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే వెనక్కి తీసుకోవచ్చు. ఇవి కాక, కనీస గడువే లేకుండా నెల నోటీసుతో వదిలించుకోగల పథకాలు కొన్ని కంపెనీల దగ్గర ఉంటాయి. అవి పేజీలో కింద ఎక్కడో చిన్నగా ఉంటాయి, వాటికి బిగింపు రుసుము ఎక్కువ. నేను తీసుకున్నదానికి బిగింపు 70 యూరోలు, నెలకు 35. ఆరు నెలలకు మొత్తం 280, అంటే నెలకు 47 యూరోలకు కాస్త తక్కువ. నెల ధర పక్కపక్కన పెట్టి పోలిస్తే ఇది ఖరీదుగానే కనబడుతుంది. ఉండబోయే నెలలన్నింటికీ కలిపి లెక్క వేసి చూస్తేనే అసలు తేడా తెలుస్తుంది. పక్కింటి అబ్బాయి కాగితం మీద ఈ ఒక్క కూడిక వేసుకుంటే చాలు, సగం పని అయినట్టే.

దరఖాస్తుకు అక్కడి బ్యాంకు ఖాతా కావాలి, ఆ దేశపు చిరునామా కావాలి, కొత్తగా వచ్చినవాళ్లకు అప్పుల చరిత్ర ఉండదు కనుక కొన్ని కంపెనీలు వెనకాడతాయి కూడా. ఇల్లు చేరిన రెండు వారాల్లోపు పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి కాబట్టి ఆ కాగితం ఎటూ వస్తుంది, దాన్ని భద్రంగా ఉంచుకోవాలి.

కనెక్షన్ వచ్చేదాకా ఫోన్ సిమ్ముతోనే నెట్టుకురావాలి. పాస్‌పోర్టు చూపకుండా అక్కడ ప్రీపెయిడ్ సిమ్ము కూడా పనిచేయించరు, 2017 జూలై నుంచి అది నియమం. మన దగ్గరిలాగా రోజుకింత డేటా అని ఉండదు, 28 రోజులకు ఒకే మూట. నేను ఆ తేడా గమనించక ఆఫీసు పని, నాయనతో మాటలు రెండూ దాంట్లోనే సాగించి తొమ్మిదో రోజుకే ఖాళీ చేశాను. కింది అంతస్తులో ఉండే ఇంటి యజమానురాలిని, నెలకు కొంత ఇస్తాను, మీ వైఫై వాడుకోనిస్తారా అని అడిగాను. ఆమె డెబ్బై దాటిన పెద్దావిడ, నేను చేరిన రోజే కేకు చేసి పెట్టిన మనిషి. అయినా వైఫై మాత్రం ఇవ్వలేనన్నది. మొదట మనసు చివుక్కుమంది. తర్వాత ఆఫీసులో చెబితే కారణం తెలిసింది. అక్కడ ఎవరైనా టొరెంటుతో సినిమా దింపుకుంటే లాయరు నోటీసు డబ్బు లెక్కతో సహా కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లకు వస్తుంది. ఆమె భయం న్యాయమైనదే. మన పిల్లలు గదులు పంచుకొని ఒకే వైఫై వాడేటప్పుడు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. శుక్రవారం విడుదలైన తెలుగు సినిమా కోసం ఒకడు చేసే పనికి నోటీసు ఇంకొకడి పేరున వస్తుంది.

దరఖాస్తు పెట్టిన పదిహేను రోజులకు టెక్నీషియన్ వచ్చే తేదీ ఇచ్చారు. ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట లోపల ఎప్పుడైనా రావచ్చునట. సెలవు పెట్టి ఎనిమిది నుంచీ తలుపు దగ్గరే కూర్చున్నాను. గంట మోగలేదు. పదకొండున్నర దాటాక, "మా మనిషి వచ్చాడు, మీరు ఇంట్లో లేరు" అని మెయిల్ వచ్చింది. నాకు దుఃఖం ఆగలేదు. కిందికి పరుగెత్తి చూస్తే వీధి ఖాళీగా ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో పెద్దావిడే చూపించింది. ఆ దేశంలో అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబరు సాధారణంగా ఉండదు. వీధి గుమ్మం పక్కన గంటల వరుస ఉంటుంది, ఒక్కో గంట పక్కన ఆ ఇంట్లో ఉండేవాళ్ల ఇంటిపేరు ఉంటుంది. వచ్చినవాళ్లకు ఆ పేరే చిరునామా. ఉత్తరాల పెట్టె మీద నా పేరు అంటించుకున్నాను గాని, గంట పక్కన నాకంటే ముందు ఉండి వెళ్లినవాళ్ల పేరే ఇంకా ఉంది. అతను నా పేరు వెతికి, దొరకక, ఒప్పందంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి ఉంటాడు. ఆ నంబరు నా అనంతపురం సిమ్ముది, అది పెట్టెలో నిద్రపోతోంది. మా నాయన ఉండేది ఫలానా డోర్ నంబరులో అని మా వీధిలో ఎవరూ చెప్పరు, "లైన్‌మన్ గారిల్లు" అంటే ఆటోవాళ్లు కూడా తెచ్చి దించుతారు. అట్లాంటి చోటినుంచి పోయినదాన్ని, గంట పక్కన కాగితం ముక్క అంత ముఖ్యమని నాకు తట్టలేదు. ఆ మధ్యాహ్నమే పాస్‌పోర్టులో, ఒప్పందంలో ఉన్న ఇంటిపేరును అక్షరం తప్పకుండా రాసి అంటించాను. మనవాళ్లకు పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఒకటి, పిలిచే పేరు మరొకటి, కొందరికి తండ్రి పేరు ఉంటాయి. ఒప్పందంలో ఏది ఇచ్చామో గంట పక్కన కూడా అదే ఉండాలి. రెండో తేదీ పన్నెండు రోజుల తర్వాత దొరికింది.

ఈసారి అతను వచ్చాడు. నేలమాళిగలో ఉన్న పెట్టె తెరిచి, జత తీగలను మీటరుతో పరీక్షించి, లైను వచ్చిందని చెప్పి పది నిమిషాల్లో వెళ్లిపోయాడు. రౌటర్ తగిలించుకోవడం నా పని. పడకగదిలో బల్ల పక్కనే గోడకు ఫోన్ పెట్టె ఉంటే దానికే తగిలించాను. దీపం కాసేపు మిణుకుమిణుకుమని నిలకడగా వెలిగింది. పండగ అనుకున్నాను. సాయంత్రం నాయనతో మాట్లాడుతుంటే మూడుసార్లు తెగింది. మర్నాడు ఆఫీసు సమావేశంలో రెండుసార్లు.

మా నాయన టెలిఫోన్ శాఖలో మజ్దూర్‌గా చేరి లైన్‌మన్ అయ్యాడు. 2000 అక్టోబరు 1న శాఖ బీఎస్‌ఎన్‌ఎల్‌గా మారినప్పుడూ, 2005లో బ్రాడ్‌బ్యాండ్ వచ్చినప్పుడూ ఆయన అనంతపురం స్తంభాల మీదే ఉన్నాడు. 2020 జనవరి 31న ఒకే రోజు 78 వేల మందికి పైగా స్వచ్ఛంద విరమణతో ఇంటికి వెళ్లారే, వాళ్లలో ఆయన ఒకడు. జర్మనీ అంటే ఇంటింటికీ ఫైబరే ఉంటుందని ఆయన నమ్మకం. వీధిలో బూడిదరంగు పెట్టె వరకు ఫైబరు, అక్కడినుంచి ఇంటికి పాత రాగి తీగే అని నేను చెప్పగానే ఆయన నిటారుగా కూర్చున్నాడు. "అంటే పిల్లర్ దాకా ఫైబరు, అక్కణ్ణుంచి మన జతనే కదా పాపా! ఫోను తిప్పు, ఆ గోడ చూపిచ్చు."

మిగిలిన డేటా మొత్తం ఖర్చయినా సరే అని ఫోన్ కెమెరా పెట్టి ఇల్లంతా చూపించాను. ఆయన రౌటర్ వైపు చూడనే లేదు. పెట్టెలోంచి బయటికొచ్చే తీగ వెంట నన్ను నడిపించాడు. పడకగది పెట్టెలోంచి సన్నని తెల్లటి తీగ గోడ అంచు వెంబడి కరెంటు తీగతో ఆనుకొని పోయి, తలుపు సందులోంచి బయటపడి, ముందు వసారాలో చెప్పుల అరమర వెనక ఉన్న ఇంకొక పెట్టెలో చేరింది. అరమర జరిపి చూస్తే మూడు రంధ్రాల పాత పెట్టె, దుమ్ము పట్టి ఉంది. దాన్ని అక్కడ టీఏఈ అంటారు. "అదీ నీ అసలు రోజెట్టు," అన్నాడు నాయన. "బయటి లైను ముందు దాంట్లో దిగుతాది. ఈ తెల్ల తీగ ఎవరో మంచం పక్కన ఫోను కోసం పొడిగించుకున్నారు. ఇది మెలిపెట్టిన తీగ కాదు, కండ్లకే కనపడతా ఉంది. మాటకు సరిపోతాది, నెట్టుకు సరిపోదు."

తీగను ఎందుకు మెలిపెడతారో ఆయన నాకు చిన్నప్పుడే చెప్పాడు, నేనే మరిచిపోయాను. జతలోని రెండు తీగలు ఒకదానినొకటి చుట్టుకొని ఉంటే పక్కనున్న కరెంటు తీగ రొద రెండింటి మీదా దాదాపు సమానంగా పడుతుంది, అవతలి చివర యంత్రం రెండింటి మధ్య తేడాను మాత్రమే చదువుతుంది కనుక ఆ రొద రద్దవుతుంది. పక్కపక్కన తిన్నగా వేసిన తీగలో ఆ రక్షణ ఉండదు. ఫోన్ మాట తక్కువ పౌనఃపున్యాల్లోనే సరిపెట్టుకుంటుంది కాబట్టి దానికి చెల్లింది, ఫోన్ తీగ మీదే వచ్చే ఇంటర్నెట్, అంటే డీఎస్‌ఎల్ చాలా ఎక్కువ పౌనఃపున్యాలు వాడుతుంది కాబట్టి చెల్లలేదు.

నేను ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. అద్దె ఇంటి తీగలు మనవి కావు, విప్పకూడదు కూడా. రౌటర్‌ను తీసుకెళ్లి వసారాలోని మొదటి పెట్టెలో, మూడు రంధ్రాల్లో ఎఫ్ అని గుర్తున్న మధ్యదానికి తగిలించాను. పడకగదిలో ఉన్నప్పుడు రౌటర్ పేజీలో లైను వేగం సెకనుకు 31 మెగాబిట్లు చూపేది, అది 47కు చేరింది. ఆ తర్వాత సెప్టెంబరు వరకు ఒక్కసారి కూడా తెగలేదు. నాయన ఆ అంకె రెండుసార్లు చదివించుకున్నాడు. రిటైరైన తర్వాత ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

వదిలించుకునే సంగతి త్వరగా చెబుతాను. 2022 జూలై నుంచి అక్కడ ఆన్‌లైన్‌లో ఒప్పందాలు చేసుకునే కంపెనీలన్నీ తమ వెబ్‌సైట్‌లో రద్దు బొత్తాం పెట్టాలి. ఆగస్టు 20న దాన్ని నొక్కాను, సెప్టెంబరు 30తో ముగుస్తుందని ధ్రువీకరణ మెయిల్ వచ్చింది. ఆ మెయిల్ రాకపోతే రద్దు అయిందని నమ్మవద్దు. అద్దె రౌటర్‌ను అడాప్టరు, తీగలతో సహా పార్శిల్ చేసి తిప్పి పంపాలి, లేకపోతే దాని వెల వసూలు చేస్తారు. పార్శిల్ రసీదు ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది.

రౌటర్ విప్పే ముందు రోజు సాయంత్రం నాయన, కింద మాళిగలో పెట్టె ఒకసారి చూపించమన్నాడు. పెద్దావిడను అడిగి తాళం తెచ్చి, దాని ముందు ఫోన్ పట్టుకొని నిలబడ్డాను. లోపలి జతలన్నీ రంగుల వారీగా వరుసగా ఒంచి కట్టి ఉన్నాయి. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చూశాడు. "నీట్‌గా కట్టినారు," అన్నాడు చివరికి. తర్వాత, "గంట కాడ నీ పేరు తీసేసి రా పాపా, నీ ఎనక వచ్చేటోళ్లకు ఇబ్బంది అయితాది," అన్నాడు. మాళిగ తాళం పెద్దావిడకు ఇచ్చి, గుమ్మం దగ్గరికి పోయి, గోటితో ఆ కాగితం ఊడదీశాను.