రెండు బ్యాగుల రక్తం

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన అత్తయ్య ఈ రోజు వాకర్ పట్టుకొని మంచం పక్కన నిలబడ్డారు. రక్తం ఇప్పుడే ఎక్కించవద్దు, ఆగి చూద్దామని డాక్టరుగారు అన్నారు. ఆ సంతోషమే రాయాలని కూర్చున్నాను గాని, సాయంత్రం సూర్యారావుపేటలో ఆస్పత్రి వరండాలో పెద్దమామయ్యగారు అన్న మాట మనసును వదలడం లేదు. "హిమోగ్లోబిన్ 8.6 అంటే ఒంట్లో రక్తం లేనట్టేనమ్మా. రెండు బ్యాగులు ఎక్కించమని డాక్టరుగారికి గట్టిగా చెప్పండి, డబ్బుకు వెనకాడుతున్నారని నలుగురూ అనుకుంటారు."

డబ్బు మాట కంటే, రక్తాన్ని బలం మందుగా చూడటమే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. వయసు మీద పడి గుండె, మూత్రపిండాలు నెమ్మదించిన మనిషికి రక్తం ఎక్కువగా గాని, వేగంగా గాని ఎక్కిస్తే ఆ బరువు మోయలేక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు. డాక్టర్లు 'టాకో' అనే ఈ పరిస్థితి రక్తమార్పిడి వల్ల కలిగే మరణాలకు ముఖ్యమైన కారణాల్లో ఒకటి.

మా తాతయ్యకు గుంటూరులో జరిగింది ఇదే. తుంటి ఆపరేషన్ అయిన రాత్రి ఒకదాని వెంట ఒకటిగా రెండు బ్యాగులు ఎక్కించారు. తెల్లవారుజాముకు ఆయన పడుకోలేక, మంచం పట్టీ పట్టుకొని కూర్చొని, మాట పూర్తి చేయలేనంతగా ఆయాసపడ్డారు. గ్రూపు తప్పిందేమోనని అమ్మ ఆ చీకట్లోనే బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తింది. గ్రూపు సరిగ్గానే ఉంది, పరీక్షలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మోతాదు, వేగమే ఆయన గుండెకు ఎక్కువయ్యాయి. ఆక్సిజన్ పెట్టి, మూత్రం జారీ అయ్యే ఇంజెక్షన్ ఇచ్చాక మధ్యాహ్నానికి గాని తేరుకోలేదు. ఆ ఉదయం అమ్మ ముఖం ఎలా ఉందో నాకు ఇప్పటికీ గుర్తే.

మా డాక్టరుగారు ఆగుదామనడానికి ఆధారం ఉంది. అమెరికా, కెనడాలలో తుంటి ఆపరేషన్ అయిన 2016 మందిపై జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గగానే రక్తం ఇచ్చినవారికీ, 8 కంటే తగ్గేదాకా లేదా రక్తం తగ్గిన లక్షణాలు కనబడేదాకా ఆగినవారికీ, 60 రోజుల తరువాత మరణాలలో గాని, నడకలో గాని తేడా కనబడలేదు.

అయితే ఇది రాస్తున్నప్పుడే 'లక్షణాలు' అన్న మాట దగ్గర ఆగిపోయాను. నిలబడగానే అత్తయ్యకు కళ్లు తిరిగాయని గమనించి నర్సును పిలిచింది పెద్దమామయ్యగారే. విరిగిన ఎముక చుట్టూ తొడలోపల చేరే రక్తం పైకి కనబడదు, ఆపరేషన్ తరువాత కూడా కొన్ని రోజులు అంకె తగ్గుతూ పోవచ్చు. ఆయన అడిగిన రెండు బ్యాగులు ఎక్కువే గాని, ఆయన భయంలో పస లేదని ఇప్పుడు అనలేను.

మావారు తన రక్తమే ఇస్తానంటున్నారు. బ్లడ్ బ్యాంకు మనకిచ్చే రక్తానికి బదులుగా దాన్ని వాళ్లకు ఇవ్వవచ్చు గాని, నేరుగా తల్లికి ఎక్కించకూడదు. దగ్గరి బంధువు రక్తంలోని తెల్లకణాలు, రేడియేషన్‌తో వాటిని నిర్వీర్యం చేయకపోతే, అరుదుగానైనా ఎక్కించుకున్నవారి శరీరంపైనే ప్రాణాంతకంగా తిరగబడతాయి.

రేపు రౌండ్స్ సమయానికి పెద్దమామయ్యగారిని పక్కన ఉంచుకొనే అడుగుతాను: హిమోగ్లోబిన్ మళ్లీ చూస్తారా, కూర్చున్నప్పుడూ నిలబడినప్పుడూ బీపీ కొలుస్తారా, రక్తం అవసరమే అయితే ఒక్క బ్యాగు, పగటిపూట, నెమ్మదిగా ఎక్కించి, పరిస్థితి చూశాకే రెండోదాని సంగతి ఆలోచిస్తారా అని.