పెరట్లో కలువల గుంట మేమే తవ్వుకున్నాం – నా అనుభవం

మాది గోదావరి డెల్టాలో తణుకు దగ్గర పల్లెటూరు. పెరట్లో ఒకప్పుడు గడ్డివామి వేసే జాగా ఖాళీగా పడుంది, అక్కడ కలువలు పెంచుకోవాలని నాకు ఎప్పట్నుంచో కోరిక. అందరూ సిమెంటు తొట్టి కట్టించుకోమన్నారు గానీ మా నేల నల్ల బంకమన్ను, ఎండకి బీటలిస్తుంది వానకి ఉబ్బుతుంది, ఎంత బాగా కట్టినా పగులుతుందని గుంట తవ్వి ప్లాస్టిక్ షీటు వేయడానికే మొగ్గాం.

మే నెలలో మొదలుపెట్టాం. అప్పుడు పొలాల కాలవలకి నీళ్లు కట్టేసి ఉంటాయి కదా, ఎంత తవ్వినా చుక్క ఊట రాలేదు, మంచి టైము చూసుకున్నాం అనుకున్నా. తర్వాత ఏడిపించింది అదే.

ఎనిమిదడుగుల పొడవు, అయిదు వెడల్పు, మధ్యలో రెండడుగుల లోతు, ఒక పక్క మొక్కల తొట్లకి అడుగు లోతులో మెట్టు. నేనూ మా ఆయనా మా అబ్బాయీ ఎండెక్కకముందు రోజూ రెండు గంటలు తవ్వితే వారం పట్టింది. గట్టు మట్టం మాత్రం కంటితో చూసి నమ్మకండి. తాపీమేస్త్రి ట్యూబులో నీళ్లు పోసి పట్టి చూపిస్తే ఒక పక్క మూడంగుళాలు పల్లం ఉంది, అలాగే వదిలేస్తే నీళ్లన్నీ అటే పొర్లిపోయి ఇటు పక్క షీటు బయటపడి ఎండకి పాడయ్యేది.

షీటు సైజుకి పొడవూ వెడల్పూ రెండింటికీ లోతు రెండుసార్లు కలిపి, అంచుల మీదకి ఇంకో రెండడుగులు వేసుకోవాలి, మాకు 14 బై 11 వచ్చింది. పశువుల మేతకి పెంచే అజొల్లా అనే నీటి మొక్క గుంటలకి వేసే సిల్పాలిన్ ప్లాస్టిక్ షీటు తెచ్చాం, 250 జీఎస్ఎం, అంటే చదరపు మీటరు 250 గ్రాములు తూగేది. వేసేముందు గుంటంతా అరచేత్తో తడిమి చూశా, వేళ్ల మొనలు, పెంకులు, ఎప్పటిదో విరిగిన నల్ల గాజు ముక్క ఒకటి దొరికాయి. అవన్నీ ఏరి రెండంగుళాలు ఇసుక పోసి, పైన గోనెసంచులు పరిచి, అప్పుడు షీటు. బోరు నీళ్లే పట్టాం. కుళాయి నీళ్లయితే చేపలు వదిలేముందు క్లోరిన్ పోయేదాకా రెండు రోజులు ఆగాలి.

పదిహేను రోజులకి నీళ్లు పచ్చగా చిక్కగా అయిపోయాయి, అడుగున చెయ్యి పెడితే వేళ్లు కనపడవు. నాకు ఓపిక పట్టక జులైలో మోటారు పెట్టి సగం పైన తోడించేశా. తెల్లారి వెళ్లి చూద్దును కదా, షీటు మధ్యలో పూరీ పొంగినట్టు లేచింది, తొట్లు రెండూ పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. కాలితో నొక్కితే కింద చల్లగా అటూ ఇటూ కదులుతోంది. నాకు ఏడుపొచ్చేసింది. మేస్త్రి వచ్చి చూసి, "కాలవలొదిలారు కదండీ అమ్మగారూ, కింద ఊట పైకొచ్చిందండి, లోపలి నీళ్ల బరువేమో మీరు తీసేశారు, ఇంక షీటు లేవకేం చేస్తదండి" అన్నాడు. బయట ఊట మట్టం కన్నా లోపల నీళ్ల మట్టం తగ్గితే షీటు తేలిపోతుందట, అంతే సంగతి.

పక్కనే మూడడుగుల గొయ్యి తీసి, ఊరిన నీళ్లు తోడుతూ తోడుతూ ఉంటే రెండో రోజు సాయంత్రానికి షీటు దిగింది. మడతలు సర్ది, మెల్లగా నీళ్లు నింపాం. తర్వాత చుట్టూ రెండు వరసల ఇటుక పెట్టి, షీటు అంచు దాని మీదకి లాగి, నీళ్లు ఎప్పుడూ నేల కన్నా పైనే ఉండేలా చేశాం. ఆ తర్వాత మళ్లీ తోడలేదు. డెల్టాలో ఎవరైనా గుంట తవ్వుతుంటే ఈ గట్టు ముందే లేపండి, దయచేసి.

ఇంతకీ ఆ పచ్చదనం దానంతటదే పోయింది. కలువ ఆకులు సగం పైగా కప్పేసరికి ఎండ తగ్గి నీళ్లు తేరుకున్నాయి. తొట్లలో ఒట్టి బంకమన్నే వేశా, పేడ వెయ్యలేదు, వేస్తే నీళ్లు ఇంకా పచ్చబడతాయి. మన్ను లేవకుండా పైన చిన్న గులకరాళ్లు. దోమలకి గప్పీ చేపలు ఇరవై వదిలా, లార్వా ఒక్కటి మిగల్లేదు. గుర్రపుడెక్క పువ్వు బాగుందని మాత్రం తెచ్చుకోకండి, మా మురుగు కాలవలు ఎలా పూడిపోయాయో రోజూ చూస్తున్నాం. మా ఆడపడుచు కూతురికి నాలుగేళ్లు, అది వస్తుందంటే గుంట మీద ఇనుప మెష్ వేసేస్తాం, రెండడుగుల నీళ్లే కదా అని వదలం.

ఎర్ర కలువ దుంపలు ఊరి చెరువులోంచి తెచ్చినవి. ఆగస్టులో మొగ్గలొచ్చాయి గానీ వంట పనంతా అయి మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఎప్పుడూ ముడుచుకునే ఉండేవి, విచ్చకుండానే కుళ్లిపోతున్నాయేమో అని బెంగ పెట్టుకున్నా. మా అత్తగారు ఏమీ అనలేదు. ఒక రాత్రి తొమ్మిదింటికి టార్చి పట్టుకుని పెరట్లోంచి పిలిచారు, "అమ్మాయ్, కలువ చంద్రుడికి కదే విచ్చుకునేది, ఇలా రా" అని. వెళ్లి చూస్తే మూడు పువ్వులు, అరచేయంత ఒక్కోటి.