తెనాలి డాబా మీద ఏడాది సరుకు

2024 నవంబరులో మావారి జీతం 38,000 నుంచి 27,000కి తగ్గింది. ఉద్యోగం పోలేదు కదా, అదే పదివేలు అన్నారు అందరూ. నిజమే. కానీ ఇంటద్దె 8,000, పిల్లలిద్దరి ఫీజులు, అత్తయ్యగారి బీపీ మందులు, ఇవేవీ తగ్గేవి కావు. తగ్గించగలిగింది వంటింట్లోనే. సరుకుల బిల్లు నెలకు 7,500 వచ్చేది. దాన్ని 5,000కి తేవాలని లెక్క వేసుకున్నాను.

మొదటి రెండు నెలలూ నాకు తెలిసిన పద్ధతిలోనే చేశాను. పళ్ళు మానేశాం. సాయంత్రం కాఫీ ఆపేశాను. పప్పు పలచన చేశాను. పెద్దాడు ఒకరోజు పళ్ళెం ముందు కూర్చుని, "అమ్మా, మనం ఎప్పటిదాకా ఇలా?" అని అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు మిగిలింది కొంచెమే. ఇంట్లో మాత్రం ఎవరికీ నవ్వుమొహం లేదు.

సంక్రాంతికి పుట్టింటివాళ్ళు చీర కొనుక్కోమని 3,000 చేతిలో పెట్టారు. అది తెచ్చి అత్తయ్యకి చూపిస్తే, "చీర తరవాత కొందువుగాని అమ్మాయ్, కొత్త కందిపప్పు వచ్చే రోజులు, ఏడాదికి సరిపడా పోయించుకో" అన్నారు. ఏడాది సరుకు అన్న మాట నేను చిన్నప్పుడు మా అమ్మమ్మ నోట విన్నదే. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఒక్కసారీ చేయలేదు. నెలకోసారి సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి ట్రాలీ నింపుకురావడమే నాకు తెలిసిన సంసారం.

మా ఊళ్ళో పప్పు మిల్లులకి కొదవ లేదు. పక్కింటి వదిన కూడా తోడొచ్చింది. 20 కేజీల పప్పు 2,600కి వచ్చింది. అంతకు ముందు నెల దుకాణంలో కిలో 165 పెట్టి కొన్నాను, ఇక్కడ 130 పడింది. ఆ రోజు కలిగిన ఉత్సాహం ఇంకా గుర్తుంది. ఇంటికి రాగానే డాబా మీద దుప్పటి పరిచి రెండు రోజులు ఎండబెట్టాను. రెండో రోజు పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి పని అయిపోవాలన్న తొందరలో, ఎండలోంచి ఎత్తిన వేడి మీదే డబ్బాల్లో పోసి మూతలు పెట్టేశాను.

మూడు వారాల తరవాత ఒక డబ్బా తెరిస్తే ముక్కిపోయిన వాసన. మూత లోపల చెమ్మ, అడుగున పప్పు అంటుకుపోయి ఉంది. వేడి పప్పుకి మూత పెడితే అందులో ఆవిరి పైకి లేచి, మూతకి పట్టి, చల్లారాక నీరై మళ్ళీ పప్పులోనే పడుతుంది. నాకు ఆ సంగతి తెలియలేదు. నాలుగు కేజీలు పారబోయాల్సి వచ్చింది. చీర డబ్బుతో కొన్న పప్పు. చెత్తబుట్ట దగ్గర నిలబడి ఏడ్చాను. అత్తయ్య ఒక్క మాట అనలేదు. మిగతా పప్పంతా మళ్ళీ ఎండలో పోయించి, రాత్రంతా గదిలో చల్లార్చి, మర్నాడు కాస్త ఆముదం అరచేతులకి రాసుకుని పప్పుకి పట్టించి చూపించారు. ఆముదం పట్టిస్తే పురుగు చేరదు. వండేముందు రెండుసార్లు కడిగితే జిడ్డు పోతుంది. ఆ పదహారు కేజీలూ మళ్ళీ పాడవలేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఏడాది సరుకు చవకే కానీ ఒకేసారి డబ్బు కావాలి, జీతం మీద బతికేవాళ్ళ దగ్గర లేనిదే అది. నేను చేసిందల్లా నెలకి ఒక్క వస్తువు. జనవరిలో కందిపప్పు కొన్నాను కాబట్టి ఫిబ్రవరి నుంచి పప్పు ఖర్చు లేదు. ఆ మిగిలినది చింతపండుకి, చింతపండు కొన్నాక మిగిలినది ఇంకోదానికి. పొలాల్లో పంటలు కూడా అలా ఒకదాని తరవాత ఒకటే వస్తాయి కాబట్టి కుదిరింది. బియ్యం జోలికి మాత్రం పోలేదు. సాంబమసూరి కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, పాతబడేదాకా బస్తాలు పేర్చుకునే చోటు అద్దింట్లో లేదు.

మార్చిలో మిరపకాయలు. ఈ భాగమే ఎక్కువ చెప్పాలనిపిస్తోంది.

ఆ ఏడాది మిర్చి ధర బాగా పడిపోయింది. గుంటూరు యార్డు ముందు రైతులు ఆందోళన చేశారు. ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయల చొప్పున మార్కెట్ జోక్యం పథకం, అంటే ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే పథకం, ప్రకటించింది. అంటే కిలో 118 కూడా లేదు. టీవీలో ఆ వార్త చూస్తూ మొదట నాకు వచ్చిన ఆలోచన, మనకి కలిసొచ్చింది అనే. మావారి ఆఫీసులో ఒకాయన బాబాయిది ప్రత్తిపాడు వైపు, మూడెకరాల మిర్చి. ఆదివారం బస్సెక్కి వెళ్ళాం.

కల్లంలో ఎర్రగా పరిచిన కాయలు ఎకరం మేర కనిపిస్తున్నాయి. ఒక పక్కన ఇద్దరాడవాళ్ళు కూర్చుని తాలు ఏరుతున్నారు. తాలు అంటే తెల్లబారిన, మచ్చపడిన కాయ. అది సగం ధరకే వస్తుంది. నా కళ్ళు దాని మీదికే పోయాయి. బాబాయిగారు గమనించి, "అది వద్దు తల్లీ, రంగుండదు, కారం ఉండదు, ఏడాది నిలవుండదు. తినేదానికి మంచి కాయే తీసుకెళ్ళు" అన్నారు. తనకి అమ్ముడుపోని సరుకు అంటగట్టే అవకాశం ఉండి కూడా అలా చెప్పారు.

ధర అడిగితే మౌనంగా ఉన్నారు. తరవాత కూలి లెక్క చెప్పారు, కాయ కోయించడానికి ఎంతవుతోందో, మందులకి ఎంత పెట్టారో, యార్డుకి తోలడానికెంతో. ముందేడు వచ్చిన ధరలో సగానికి దగ్గరగా ఉంది ఈ ఏడు. కొంత కోల్డ్ స్టోరేజీలో పెట్టారట, కొంత అప్పులవాళ్ళ కోసం అమ్మేశారట. వింటుంటే నాకు కలిసొచ్చింది అనుకున్న ఆలోచన గుర్తొచ్చి సిగ్గేసింది. మా జీతం తగ్గినట్టే ఆయన ధరా తగ్గింది. మావారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుని, కిలోకి 150 ఇచ్చాం. పది కేజీలు, 1,500. దుకాణంలో అర కేజీ కారం ప్యాకెట్టు రెండొందల పైనే ఉంది. 150 ఇచ్చినా మాకు లాభమే. యార్డు ధర ఇచ్చుంటే మాకు ఇంకో మూడొందలు మిగిలేవి, ఆయన ఇంట్లో తగ్గేవి. ఆ డబ్బుతో నేను కొనగలిగేదేదీ నాకు కనపడలేదు.

ఇంటికొచ్చాక మూడు సాయంత్రాలు తొడిమలు తీశాం. పక్కింటి వదిన, కిందింటి పిన్నిగారు, అత్తయ్య, నేను. మెట్ల మీద చాట వేసుకుని, చేతులకి నూనె రాసుకుని కూర్చునేవాళ్ళం. నూనె రాసుకున్నా వేళ్ళు మండుతాయి, మజ్జిగతో కడుక్కుంటే కాస్త చల్లబడతాయి. పిన్నిగారు ఆరేళ్ళుగా మా కింద ఉంటున్నారు. ఆవిడ చిన్నప్పుడు దివిసీమ ఉప్పెనలో ఇల్లు పోగొట్టుకుని తెనాలి వచ్చారని ఆ మెట్ల మీదే మొదటిసారి తెలిసింది. 1977 నవంబరు ఉప్పెన. ఆవిడ చెబుతుంటే చేతులాగిపోయాయి అందరికీ.

మిరపకాయలు గలగలమనేదాకా ఎండాలి, వేలితో విరిస్తే పుటుక్కుమనాలి. కారం మిల్లు దగ్గర వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. మరలోంచి వచ్చిన కారం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. ఈసారి తొందరపడలేదు. పాత పంచె మీద పరిచి, పూర్తిగా ఆరాక, ఉదయం జాడీకెత్తి, మధ్యలో ఇంగువ ముక్క పెట్టాను. తొడిమలూ తరుగూ పోను ఎనిమిదిన్నర కేజీలు. మిల్లు కూలీతో కలిపి కిలో దాదాపు 220 పడింది. ఆ రంగు చూసి మావారు జాడీ మూత మూడుసార్లు తీసి చూశారు.

పసుపుకి దుగ్గిరాల వెళ్ళాం, మాకు రైల్లో ఎంతో దూరం లేదు. కేజీ కొమ్ములు చాలు ఏడాదంతా. మినప్పప్పు ఏప్రిల్లో తీసుకున్నాను. మా డెల్టాలో వరి కోయబోయే ముందే చేలో మినుములు చల్లేస్తారు, వరి పోయాక ఆ తేమతోనే చేను ఎదుగుతుంది. ఛాయపప్పు కాకుండా పొట్టుపప్పు కొన్నాను, చవక. నానబోసి పొట్టు గాలించడం కాస్త పనే, కానీ ఇడ్లీ మెత్తదనం వేరు.

చింతపండు గింజతో ఉన్నది ఐదు కేజీలు తెచ్చాను. గింజలూ ఈనెలూ పోను మూడు కేజీల పైచిలుకు తేలింది. రాళ్ళ ఉప్పు వేస్తూ వరసలుగా అణిచి జాడీకెత్తాం. గింజలు పారేయబోతుంటే అత్తయ్య ఆపి, అటక మీంచి వామనగుంటల పీట దించమన్నారు. దుమ్ము దులిపితే పద్నాలుగు గుంటలూ నున్నగా మెరిశాయి, ఆవిడ అత్తగారిదట. గింజలు కడిగి ఎండబెట్టాం. ఆ వేసవి సెలవుల్లో నా కూతురు మధ్యాహ్నాలన్నీ నాన్నమ్మ ఎదురుగా ఆ పీట ముందే కూర్చుంది. ఫోను అడగడం మరిచిపోయింది. ఇప్పుడు నన్నూ, వాళ్ళ నాన్ననీ కూడా ఓడిస్తోంది.

మేలో ఆవకాయ. కారం, ఆవపిండి ఇంటివే. నువ్వుల నూనె దగ్గర మాత్రం వెనకాడలేదు, అక్కడ పీనాసితనం చేస్తే ఆవకాయ బూజు పడుతుంది. అత్తయ్య సోలతో కొలిచారు, నేను నోటుబుక్కులో రాసుకున్నాను. ఆవిడకి కళ్ళు మందగిస్తున్నాయి, వచ్చే ఏడు నేనే కొలవాలి.

ఏడాది తిరిగాక లెక్క చూసుకున్నాను. సరుకుల ఖర్చు నెలకి సగటున 5,200కి వచ్చింది. అయితే ఉన్న నిజం చెప్పాలి. హోల్‌సేలుగా కొనడం వల్ల మిగిలింది నెలకి నాలుగైదు వందలే. మిగతాదంతా సూపర్‌మార్కెట్ ట్రాలీ పట్టుకోకపోవడం వల్ల మిగిలింది. పప్పూ కారం చింతపండూ ఇంట్లో ఉంటే నెల మొదట్లో అటు వెళ్ళే పనే ఉండదు. వెళ్ళకపోతే బిస్కెట్ ప్యాకెట్లు, ఒకటి కొంటే ఒకటి ఉచితం సబ్బులు, మూడు రోజుల్లో అయిపోయే చిప్సూ ఇంటికి రావు. వాటి బదులు మినపసున్నుండలు చేసిపెడుతున్నాను, బెల్లంతో. సాయంత్రం కాఫీ మార్చిలోనే మళ్ళీ మొదలుపెట్టాను. పళ్ళు కూడా, ఏ కాలంలో ఏది విరివిగా వస్తే అది. మంగళగిరి చేనేత చీర ఒకటి దసరాకి కొనుక్కున్నాను.

మావారి జీతం ఇంకా పూర్తిగా పాత లెక్కకి రాలేదు. 31,000 దగ్గరుంది.

మొన్న సంక్రాంతి వెళ్ళిన వారానికి ప్రత్తిపాడు బాబాయిగారు ఫోన్ చేశారు. "మొదటి కోత అయిందమ్మా, ఎన్ని కేజీలు పక్కన పెట్టమంటావు?" అని. మెట్ల మీదికి వెళ్ళి వదిననీ, పిన్నిగారినీ, ఎదురింటివాళ్ళనీ అడిగి వచ్చి, నలభై రెండు అని చెప్పాను.