పార్టులు లేని అసెంబ్లీతో నా అవస్థ

ఎండుమిరప తొడిమలు తీసే యంత్రం కావాలని గుంటూరు మిర్చి యార్డు వ్యాపారి ఒకరు మా వర్క్‌షాపుకు ఆర్డరు ఇచ్చారు. డిజైను పనిని విజయవాడలోని ఒక కార్యాలయానికి అప్పగించాను. బేరం, అడ్వాన్సు, తెర మీద యంత్రం తిరగడం చూసి వ్యాపారి మురిసిపోవడం, అన్నీ సాఫీగానే సాగాయి.

వారిచ్చిన పెన్‌డ్రైవ్‌తో ఆటోనగర్‌లో లేజర్ కటింగ్ చేసేవారి దగ్గరకు వెళ్లాకే నా పరువు పోయింది. యంత్రాల డిజైను సాఫ్ట్‌వేర్ అయిన సాలిడ్‌వర్క్స్‌లో అసెంబ్లీ (పార్టులన్నీ జతచేసి యంత్రంగా చూపే ఫైలు) తెరవగానే, ఫలానా పార్టు దొరకలేదు, మీరే వెతుకుతారా అంటూ ఒకదాని వెనక ఒకటి అడగడం మొదలుపెట్టింది. చివరికి ఎడమవైపు ట్రీలో, అంటే పార్టుల జాబితాలో, బూడిదరంగు పేర్లు, తెర మధ్యలో ఖాళీ మిగిలాయి. "ఏవండీ, మీ మిషనుకు పేర్లున్నాయి గానీ ఒళ్లు లేదేంటి?" అని యజమాని అనగానే, వంతు కోసం నిలబడ్డవారందరూ నవ్వారు. అసెంబ్లీ ఫైలులో ఏ పార్టు ఎక్కడుంది, దేనికి దేన్ని ఎలా జత చేశారు అన్న సమాచారమే తప్ప, పార్టు స్కెచ్‌లూ (గీతల బొమ్మలు), వాటితో చేసిన ఫీచర్లూ (రంధ్రాల్లాంటి రూపాలు) ఉండవు. అవి పార్టు ఫైళ్లలోనే ఉంటాయి. ఆ సంగతి తెలిసిన కార్యాలయమే సగం పార్టులు పంపకుండా చేతులు దులుపుకొని, అడిగితే ఫైళ్లు సర్దడానికి వేరే చార్జీ అంది.

మిగతా ఫైళ్లు చేతికొచ్చాక అసలు చిక్కు మొదలైంది. తొడిమల యంత్రంలో బ్రాకెట్ ఉండాల్సిన చోట మా పాత కన్వేయరు బ్రాకెట్ ప్రత్యక్షమైంది. సాలిడ్‌వర్క్స్ ఒకే పేరున్న రెండు ఫైళ్లను ఒకేసారి తెరవదు. ఆ పేరుతో ముందే తెరిచి ఉన్న ఫైలు ఉంటే దాన్నే అసెంబ్లీలోకి తెచ్చుకుంటుంది. ఆ మహానుభావులు పెట్టిన పేరు ఉత్త "బ్రాకెట్"! దీనికి తోడు, మోటారు ప్లేటు స్కెచ్‌ను అసెంబ్లీలోనే మోటారు అంచులను ఆధారం చేసుకుని గీశారు. వ్యాపారి పెద్ద మోటారు కావాలనడంతో దాన్ని మార్చితే, ఆ ఆధారం తెగిపోయి ప్లేటు రంధ్రాలు పాత కొలతల దగ్గరే ఉండిపోయాయి. ఇలా పరాధీనమైన స్కెచ్‌కు ట్రీలో బాణం గుర్తు ఉంటుంది. ఆధారమైన ఫైలు తెరిచి లేకపోతే ప్రశ్నార్థకం కూడా చేరుతుంది. అలాంటివన్నీ వెతికి, బయటి ఆధారాలు తెంచి, ప్రతి స్కెచ్‌కూ దాని ఆరిజిన్ (సున్నా బిందువు) నుంచే కొలతలు ఇచ్చాను.

ఇప్పుడు ప్రతి పార్టు పేరూ ఆర్డరు నంబరుతో మొదలవుతుంది. ఫ్రేము, డ్రైవు, హాపరు దేనికది విడి సబ్‌అసెంబ్లీ. బోల్టులకు వేరే ఫోల్డరు. డబ్బు తీసుకున్న ఆ కార్యాలయం కంటే నా సర్దుబాటే శుభ్రంగా ఉందని గర్వంగా చెప్పగలను. ఫైలు పేరు మార్చాలంటే విండోస్ ఫోల్డరులో మార్చకండి, సాలిడ్‌వర్క్స్ లోపలి నుంచే మార్చండి, లేకపోతే అసెంబ్లీకి పార్టు దొరకదు. బయటికి ఇచ్చేటప్పుడు, అసెంబ్లీకి కావలసిన ఫైళ్లన్నిటినీ ఒకచోట చేర్చే సాలిడ్‌వర్క్స్ సదుపాయం ప్యాక్ అండ్ గో వాడండి. అందులో డ్రాయింగులను కూడా చేర్చే గడికి టిక్కు పెట్టకపోతే అవి రావు. డిజైనర్‌కు చివరి వాయిదా మాత్రం, ఆ ఫోల్డరును మీ సొంత కంప్యూటర్లో తెరిచి, ఒక్క ప్రశ్నార్థకమైనా లేదని చూసుకున్నాకే చెల్లించండి.