ఒక్క చట్టంతో మొదలుపెట్టి అమెరికా చరిత్ర చదివాను: హిస్టరీ ఆప్షనల్ అనుభవం

సివిల్స్‌కి తెలుగు మీడియంలో హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ప్రపంచ చరిత్ర గురించి, అందులోనూ అమెరికా గురించి. రెండో పేపరు సిలబస్‌లో అమెరికాకి విడిగా అంశం ఉన్నది రెండు చోట్లే. విప్లవం, రాజ్యాంగం ఒకచోట. లింకన్, బానిసత్వ నిర్మూలనలతో కలిపి అంతర్యుద్ధం మరోచోట. అందుకే చాలామంది దీన్ని చిన్న టాపిక్ అనుకుంటారు. స్టాంపు చట్టం, బోస్టన్ టీ పార్టీ, యార్క్‌టౌన్, గెటిస్‌బర్గ్, విమోచన ప్రకటన అని వరసగా గుర్తుపెట్టుకుని ముందుకు వెళ్లిపోతారు. సంఘటన గురించి అడిగితే ఆ వరస పనికొస్తుంది. "అమెరికా విప్లవం ఎంతవరకు సామాజిక విప్లవం?" లాంటి ప్రశ్న వస్తే మాత్రం పెన్ను ఆగిపోతుంది. అక్కడ కావలసింది జాతి, జెండర్, వర్గం, వాటిని నిలబెట్టిన సంస్థల గురించిన అవగాహన. కుటుంబం, చర్చి, కోర్టు, బడి, ఆస్తి హక్కు ఎవరి కోసం ఎలా పనిచేశాయో తెలిసి ఉండాలి.

ఈ భాగాన్ని నేను చదివిన పద్ధతిలో అసలు విషయం ఒకటే. జాతికి ఒక చాప్టరు, స్త్రీలకు ఒక చాప్టరు, కార్మికులకు ఒక చాప్టరు అని విడగొట్టుకోలేదు. ఒక చట్టాన్నో, ఒక కోర్టు తీర్పునో తీసుకుని, దాంట్లో ఈ మూడూ ఎలా పెనవేసుకున్నాయో చూశాను. అలా చూడటం నేర్పింది 1662లో వర్జీనియా వలస అసెంబ్లీ చేసిన చట్టం. నాలుగైదు లైన్లే ఉంటుంది. దయచేసి దీన్ని తీరిగ్గా చదవండి.

ముందు నేపథ్యం. ఇంగ్లాండు సంప్రదాయ చట్టంలో బిడ్డ హోదా తండ్రిని బట్టి ఉండేది. వర్జీనియాలో ఎలిజబెత్ కీ అనే స్త్రీ ఉండేది. తల్లి ఆఫ్రికన్, తండ్రి ఇంగ్లీషువాడు. ఆ తండ్రి వర్జీనియా చట్టసభలో సభ్యుడిగా కూడా పనిచేశాడు. తన తండ్రి స్వతంత్రుడు, తాను బాప్టిజం తీసుకున్న క్రైస్తవురాలు, కాబట్టి తనను బానిసగా ఉంచడం చెల్లదని ఆమె కోర్టుకెక్కి, 1656లో స్వేచ్ఛ గెలుచుకుంది. తరవాత ఆరేళ్లకి, 1662లో, అసెంబ్లీ కొత్త రూలు పెట్టింది: బిడ్డ బానిసా, స్వతంత్రుడా అన్నది తల్లి స్థితిని బట్టే ఉంటుంది. 1667లో ఇంకో చట్టంతో బాప్టిజం తీసుకున్నా బానిసత్వం పోదని తేల్చేసింది. అంటే ఎలిజబెత్ కీ బయటపడిన రెండు దారులూ పదకొండేళ్లలో మూసేశారు.

ఇప్పుడు ఆ 1662 చట్టాన్ని మళ్లీ చూడండి. పైకి అది జాతి గురించిన చట్టం. కానీ పనిచేసేది స్త్రీ శరీరం మీద. యజమాని తన దగ్గరున్న బానిస స్త్రీని చెరిచి బిడ్డను కంటే, ఆ బిడ్డకు తండ్రిగా అతనికి ఏ బాధ్యతా ఉండదు. పైగా ఆ బిడ్డ అతని ఆస్తి జాబితాలో చేరుతుంది. దౌర్జన్యానికి శిక్ష లేకపోవడం అటుంచి, లాభం ఉంది. అదే చట్టం రెండో సగంలో, నల్లవారితో అక్రమ సంబంధం పెట్టుకున్న క్రైస్తవులకు మామూలు జరిమానాకి రెట్టింపు వేయాలని ఉంది. నైతికత మాట చర్చిది, లెక్క మాత్రం తోట యజమానిది. జాతి, జెండర్, వర్గం, కుటుంబం, మతం అన్నీ ఆ నాలుగైదు లైన్లలోనే ఉన్నాయి. ఇది చదివిన రోజు చిక్కడపల్లి లైబ్రరీలో చాలాసేపు వేరే పేజీ తిప్పలేకపోయాను. మనం మార్కుల కోసం చదువుతున్న విషయం కొన్ని తరాల తల్లుల బతుకు.

ఈ చట్టం 1662లో ఆగిపోదు. 1787 రాజ్యాంగంలో "బానిస" అనే మాట ఎక్కడా వాడలేదు. అయినా ప్రాతినిధ్యం లెక్కలో బానిసల సంఖ్యలో ఐదింట మూడు వంతులు కలపాలన్న నిబంధన ఉంది, పారిపోయినవాళ్లను తిరిగి అప్పగించాలన్న నిబంధన ఉంది, 1808 దాకా బానిసల దిగుమతిని కాంగ్రెస్ నిషేధించకూడదన్న నిబంధన ఉంది. 1808లో చట్టపరంగా దిగుమతి ఆగింది. 1790 జనాభా లెక్కల్లో దాదాపు 7 లక్షలుగా ఉన్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలయ్యారు. దిగుమతి ఆగాక ఈ సంఖ్య పెరిగింది ప్రధానంగా పుట్టుకల వల్లే. పత్తి తోటలు విస్తరిస్తున్నకొద్దీ వర్జీనియా వంటి పాత రాష్ట్రాల నుంచి మనుషులను దక్షిణ, పశ్చిమ ప్రాంతాలకు అమ్మారు. 1662 రూలు లేకపోతే ఈ పెరుగుదలను ఆస్తిగా లెక్కగట్టడం కుదిరేది కాదు. విప్లవానికి ముందున్న ఒక స్థానిక చట్టం నుంచి అంతర్యుద్ధం దాకా ఇలా గీత గీయగలిగితే, ఇరవై మార్కుల సమాధానానికి వెన్నెముక దొరికినట్టే.

వర్గం సంగతికి 1676లో నాథానియల్ బేకన్ వర్జీనియా గవర్నరు మీద చేసిన తిరుగుబాటు చూడండి. అందులో ఒప్పందం మీద కొన్నేళ్లు పనిచేసే తెల్ల సేవకులు, నల్లవాళ్లు కలిసి ఆయుధాలు పట్టారు, రాజధాని జేమ్స్‌టౌన్ తగలబడింది. చివరిదాకా లొంగకుండా నిలబడిన ఒక గుంపులో 80 మంది నల్లవాళ్లు, 20 మంది ఇంగ్లీషువాళ్లు ఉన్నారని రికార్డు చెబుతుంది. ఈ ఒక్క తిరుగుబాటు వల్లే జాతి విభజన పుట్టిందని రాయకండి, 1662 చట్టం అంతకుముందే వచ్చింది కదా. దాని తరవాత విభజన గట్టిపడిందని రాయండి. రుజువు 1705 వర్జీనియా బానిస చట్టంలో ఉంది. తెల్ల సేవకుడిని బట్టలూడదీసి కొరడాతో కొట్టాలంటే న్యాయాధికారి ఉత్తర్వు కావాలి. సేవాకాలం ముగిశాక అతనికి ధాన్యం, కొంత డబ్బు, తుపాకి ఇవ్వాలి. అదే చట్టం ప్రకారం బానిసల దగ్గరున్న గుర్రాలు, పశువులు, పందులు లాక్కుని అమ్మి, ఆ డబ్బు చర్చి పరిధిలోని పేదలకు పంచాలి. పేద తెల్లవాడికి పెద్దగా భూమి దక్కలేదు. దక్కింది తన కింద ఇంకొకడున్నాడన్న భరోసా. వర్గం మీద రాసేటప్పుడు నేను ఈ 1705 ఉదాహరణనే ఎక్కువగా వాడాను. ఊరికే "పాలకవర్గం విభజించి పాలించింది" అంటే ఎవరైనా రాస్తారు.

స్త్రీల హక్కుల భాగంలో అందరూ 1848లో సెనెకా ఫాల్స్ ఊళ్లో జరిగిన స్త్రీల హక్కుల సభ దగ్గర మొదలుపెడతారు. ఎలిజబెత్ కేడీ స్టాంటన్, లుక్రీషియా మాట్, ఓటు హక్కు తీర్మానానికి అండగా నిలబడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్. అది అవసరమే. కానీ దానికి ముందు 1839 మిసిసిపీ చట్టం చూడండి. పెళ్లయిన స్త్రీకి తన పేరు మీద ఆస్తి ఉండొచ్చని చెప్పిన తొలి చట్టాల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. లోపలికి వెళ్లి చదివితే అందులో ఎక్కువ భాగం భార్య పేరు మీదున్న బానిసల గురించే. భర్త అప్పులవాళ్లు ఆ బానిసలను పట్టుకుపోకుండా కాపాడటమే దాని పని. ఒక స్త్రీకి దక్కిన హక్కు ఇంకో స్త్రీని ఆస్తిగా ఉంచుకునే హక్కు. "స్త్రీలు" అని ఒక్క మాటలో అందరినీ కలిపి రాసే ముందు ఇది గుర్తుకు రావాలి.

ఉత్తరాదిలో మసాచుసెట్స్‌లోని లోవెల్ మిల్లులు తీసుకోండి. పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు అక్కడ పనిచేశారు. కూలి తగ్గించినందుకు 1834లో, హాస్టల్ ఖర్చు పెంచినందుకు 1836లో సమ్మె చేశారు. వాళ్లు నేసిన పత్తి దక్షిణాది బానిసలు ఏరినది. బానిసలకు తొడిగే ముతక బట్ట కూడా ఆ మిల్లుల్లో తయారయ్యేది. అందుకని ఉత్తరం అంటే స్వేచ్ఛ, దక్షిణం అంటే బానిసత్వం అని రెండు గళ్ల టేబుల్ గీస్తే సమాధానం పలచబడిపోతుంది.

అంతర్యుద్ధం గురించి ఒక గట్టి సలహా. లింకన్ దగ్గర మొదలుపెట్టకండి, 1861 మేలో వర్జీనియాలో యూనియన్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) సైన్యం చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రో కోట దగ్గర మొదలుపెట్టండి. కాన్ఫెడరేట్ (విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల) సైన్యం కోసం పని చేయిస్తున్న ముగ్గురు బానిసలు రాత్రిపూట పడవలో దాటి ఆ కోటకు చేరారు. అప్పగించమని యజమాని తరఫు అధికారి వచ్చాడు. మీరు యూనియన్ నుంచి విడిపోయామంటున్నారు, కాబట్టి పారిపోయిన బానిసల చట్టం మీకు వర్తించదని కోటలోని యూనియన్ జనరల్ బెంజమిన్ బట్లర్ వాదించి, వాళ్లను యుద్ధంలో పట్టుబడిన శత్రుసొత్తు కింద ఉంచుకున్నాడు. ఆ కబురు తెలిసి వందలమంది, పిల్లాపాపలతో సహా, ఆ కోటకు వచ్చేశారు. 1863 జనవరి 1 విమోచన ప్రకటన దీని తరవాతే వచ్చింది. అది కూడా తిరుగుబాటు చేస్తున్న ప్రాంతాలకే వర్తించింది. యూనియన్‌లోనే ఉన్న డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరీ అనే బానిస రాష్ట్రాలకు వర్తించలేదు. తరవాత దాదాపు 1,80,000 మంది నల్ల సైనికులు యూనియన్ సైన్యంలో పోరాడారు. మొదట్లో వాళ్లకు తెల్ల సైనికులకన్నా తక్కువ జీతం ఇచ్చారు. ఈ క్రమంలో రాస్తే లింకన్ పాత్ర తగ్గదు, స్వేచ్ఛ కోసం ముందు కదిలింది ఎవరో మాత్రం స్పష్టమవుతుంది.

అదే యుద్ధంలో వర్గం కూడా కనిపిస్తుంది. దక్షిణాదిలో 1862లో, 20 మంది బానిసలున్న తోటకు ఒక తెల్లవాడికి సైన్యం నుంచి మినహాయింపు ఇచ్చారు. 1863 ఏప్రిల్‌లో రిచ్‌మండ్‌లో తిండి కోసం ఆడవాళ్లు వీధికెక్కి దుకాణాలు దోచారు. ఉత్తరాదిలో 300 డాలర్లు కడితే సైన్యంలో చేరక్కర్లేదు. 1863 జులైలో న్యూయార్క్ పేదలు దానిమీద తిరగబడ్డారు. కానీ ఆ కోపం నల్లవాళ్ల మీదికి మళ్లి, వాళ్ల పిల్లల అనాథాశ్రమాన్ని తగలబెట్టింది. పేదల కోపం ఎప్పుడూ న్యాయమైన దారిలోనే వెళుతుందని అనుకోకూడదని ఈ సంఘటన చెబుతుంది. ఈ భాగం రాసేటప్పుడు నాకు ప్రతిసారీ బాధేసేది.

యుద్ధం చివర, ఆ తరవాత వచ్చిన 13, 14, 15 రాజ్యాంగ సవరణలు మూడూ నోటికి వచ్చి ఉంటాయి కాబట్టి వాటిలో చదవాల్సిన చోట్లు మాత్రం చెప్తాను. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణలో (1865) నేరానికి శిక్షగా తప్ప అన్న మినహాయింపు ఉంది. అదే ఏడాది చివర్లో మిసిసిపీ చట్టాలు నల్లవాళ్లు ప్రతి జనవరిలో ఉపాధి ఉన్నట్టు రాతపూర్వక రుజువు చూపించాలన్నాయి. దేశదిమ్మరి అని ముద్రపడితే జరిమానా, కట్టలేకపోతే కూలికి పంపడం. దిక్కులేని నల్ల పిల్లలను పనికి అప్పగించేటప్పుడు పాత యజమానికి మొదటి హక్కు ఇచ్చారు. 1662లో తల్లి కడుపు మీద పెట్టిన పెత్తనం ఇక్కడ పిల్లల మీద మిగిలింది. 14వ సవరణ (1868) రెండో సెక్షన్‌లో రాజ్యాంగంలోకి మొదటిసారి "పురుష" అన్న మాట చేరింది. జాతిని బట్టి ఓటు నిరాకరించకూడదంటూ స్త్రీలను వదిలేసిన 15వ సవరణ మీద వచ్చిన గొడవతో 1869లో స్త్రీల ఉద్యమం రెండుగా చీలింది.

కులంతో పోల్చవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. ప్రశ్న అడిగితేనే పోల్చండి, పోల్చినప్పుడు ఆధారంతో పోల్చండి. జ్యోతిరావు ఫూలే 1873లో తన "గులాంగిరి"ని బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకు అంకితం చేశారు. అంబేద్కర్ 1946లో అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కి ఉత్తరం రాశారు. ఇలాంటివి చరిత్రలో ఉన్న లింకులు. మనవాళ్లకి నేరుగా తగిలిన లింకు ఇంకోటుంది. 1790 చట్టం వలస వచ్చినవాళ్లకిచ్చే పౌరసత్వాన్ని "స్వతంత్రులైన తెల్లవారికి" పరిమితం చేసింది. 1923 ఫిబ్రవరిలో అమెరికా పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడి కేసులో భారతీయులు ఆ నిర్వచనంలోకి రారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. మన భీమవరంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగింది దాదాపు ఆ రోజుల్లోనే. భారతీయులకు పౌరసత్వానికి దారి తెరుచుకున్నది 1946లో, అదీ ఏడాదికి 100 మంది వలస కోటాతో.

ఆన్సర్ రైటింగ్ దగ్గర నేను పాటించింది చెప్పి ముగిస్తాను. ఇంట్రోలో నిర్వచనాలు రాయలేదు, నేరుగా ఒక చట్టంతోనో కేసుతోనో ఎత్తుకున్నాను. ప్రతి పేరాలో ఒక సంవత్సరం, ఒక సంస్థ, అది ఎవరికి మేలు చేసింది, ఎవరు దాన్ని ఎదిరించారు అన్నవి ఉండేలా చూసుకున్నాను. ఎదిరించినవాళ్లను వదిలేస్తే సమాధానం బాధితుల జాబితా అయిపోతుంది. ఇంగ్లీషు పేర్లను తెలుగు లిపిలో ఒకేలా రాయడం ముందే అలవాటు చేసుకోండి, హాల్లో దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. ప్రాక్టీసుకి ముందుగా ఈ ప్రశ్న రాయండి: "1662 నుంచి 1865 వరకు అమెరికాలో బానిసత్వం ప్రధానంగా కుటుంబ వ్యవస్థ మీద పెత్తనమే. చర్చించండి." దీనికి పుస్తకం చూడకుండా రెండు పేజీలు రాయగలిగితే విప్లవం, అంతర్యుద్ధం రెండు టాపిక్‌లకూ మీ దగ్గర సరుకున్నట్టే.