పినాకిని ఎక్కేలోపు చెప్పాలి

మా మేనత్త కొడుకు చెన్నై మేడవాక్కంలో ఫ్లాటు కొన్నాడు. గృహప్రవేశానికి నెల్లూరు నుంచి 31 మంది వచ్చి, రెండు పడగ్గదుల ఇంట్లో చాపలు పరుచుకుని పడుకున్నారు. మరునాడు ఆదివారం, మధ్యాహ్నం పినాకిని రైలుకు అందరూ తిరుగు ప్రయాణం. మా నానమ్మను, అన్ని సంచులను వెంటబెట్టుకుని సెంట్రల్‌కు చేరాలంటే పదకొండున్నరకే ఇల్లు కదలాలి. నేను లెక్క వేసుకుని తొమ్మిదిన్నరకు, ఉప్మా పళ్లాలు ఇంకా చేతుల్లో ఉండగానే చెప్పాను. తిట్టుకోవడానికి రెండు గంటలు చాలు, అంతకు మించితే రైలు తప్పిపోతుంది.

"నాకు పెళ్లి కుదిరింది. అబ్బాయి ముస్లిం. ఊరు ఇదే, ట్రిప్లికేన్."

మొదట అడిగింది అత్తయ్య. "కుదిరిందంటున్నావు, ఎవరు కుదిర్చారు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మతం గురించి ఏమడిగినా చెప్పడానికి రాత్రంతా సిద్ధమయ్యాను కానీ ఈ ప్రశ్న తట్టలేదు. నిశ్చితార్థం అంటే రెండు వైపుల పెద్దలు కూర్చుని తాంబూలాలు మార్చుకోవడం. మాది అలా జరగలేదు. వానలో టీ కొట్టు చూరు కింద నిలబడి ఉండగా అతను "నోటీసు ఇద్దామా?" అన్నాడు, నేను "సరే" అన్నాను. రెండు రోజుల తరవాత వాళ్లమ్మగారు నా నోట్లో పంచదార పోశారు. అంతే.

పరిచయం నాలుగు నెలలది. అతని పేరు ఇక్కడ రాయను, అతనికి ఇష్టం లేదు. కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం ఉంది కదా, 1896 నాటిది, శనివారాలు అక్కడ ఇద్దరం ఒకే ఫ్యాను కింది బల్ల కోసం పోటీ పడేవాళ్లం. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతి ఒకటి ఆ గ్రంథాలయానికి పంపాలని 1954లో చట్టం చేశారు. మేము చేసుకోబోయే పెళ్లికి ఆధారమైన ప్రత్యేక వివాహ చట్టం కూడా 1954దే. ఈ పొంతన కనిపెట్టింది అతను. లెక్కల మాస్టారికి ఇలాంటివి దొరికితే వారం రోజులు ఆనందం.

ఇంత హడావిడిగా ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, ఆ పెళ్లి చట్టం వల్లే. పెళ్లి చేసుకుంటామని నోటీసు ఇచ్చాక దాన్ని రిజిస్ట్రారు కార్యాలయంలో అందరికీ కనబడేచోట అంటిస్తారు. అభ్యంతరాలు చెప్పడానికి 30 రోజులు గడువు. మాలో ఒకరి శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే ఒక ప్రతి అక్కడికీ పంపి, అక్కడా అంటిస్తారు. నా శాశ్వత చిరునామా నెల్లూరు. నెల్లూరు రిజిస్ట్రారు కార్యాలయం ముందు వేపచెట్టు కింద నలభై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నది మా పెద్దనాన్న. సోమవారం నోటీసు ఇవ్వాలనుకున్నాం. ఆ తరవాత నా పెళ్లి సంగతి ఆయన గోడ మీద చదువుకోవాలి. అది నావల్ల కాలేదు.

"మతం మారతావా?" అని పదకొండు మంది అడిగారు. మారనక్కరలేదని పదకొండుసార్లు చెప్పాను. అభ్యంతరం చెప్పడానికి ఏమేం కారణాలుండాలో పెద్దనాన్నే వరసగా చెప్పారు: ఇదివరకే పెళ్లయి ఉండటం, వయసు చాలకపోవడం, నిషిద్ధమైన వరస కావడం, మతిస్థిమితం లేకపోవడం. "ఆ చివరిది రాసి ఇవ్వండి, నేను సంతకం పెడతాను" అంది పిన్ని. ఎవరూ నవ్వలేదు, నేను తప్ప. నవ్వకుండా ఉండాల్సింది.

తరవాత ఆయన పందొమ్మిదో సెక్షన్ తీశారు. ఉమ్మడి కుటుంబంలోని హిందువు ముస్లింను ఈ చట్టం కింద పెళ్లి చేసుకుంటే ఆ కుటుంబం నుంచి విడిపోయినట్లే లెక్కట. "వారసత్వపు హక్కు పోదులే, కానీ విడిపోయినట్లే" అన్నారు, ఎవరి ముఖమూ చూడకుండా.

"విడిపోతే పండక్కి ఎక్కడికి వెళుతుంది?" అంది నానమ్మ. ఆమెకు సెక్షన్లు తెలియవు.

ఆ తరవాత ఆమే రొట్టె సంగతి ఎత్తింది. నెల్లూరు వాళ్లకు చెప్పనక్కరలేదు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా ముందు, నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. రెండేళ్ల కిందట నానమ్మ మోకాళ్ల నొప్పులతోనే నీళ్లలో దిగి నా కోసం పెళ్లి రొట్టె పట్టుకుంది. "నేను అడిగింది అక్కడ. ఇక ఎక్కడి నుంచి వస్తాడనుకున్నారు?" అంది.

బాబాయి లేచి నిలబడ్డాడు. "దర్గాకు వెళ్లడం వేరు, ఇంటికి తెచ్చుకోవడం వేరమ్మా." ఆయన కూతురికి సంబంధాలు చూస్తున్నారు. వచ్చేవాళ్లకు ఏమని చెప్పాలో నన్నే చెప్పమన్నాడు. ఇంకా కొన్ని మాటలు అన్నాడు, అవి రాయను. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం నాకు ఇప్పటికీ సమాధానం లేదు. చెల్లెలు పక్కనే కూర్చుని గోళ్లు చూసుకుంటోంది. బాబాయి అందరికంటే ముందే ఆటోలో వెళ్లిపోయాడు, దారికి కట్టిచ్చిన పులిహోర కూడా తీసుకోలేదు.

అమ్మ మాత్రం ఏమీ అనలేదు. అంతమంది తిన్న పళ్లాలు ఒక్కతే కడిగింది. నేను పక్కన నిలబడితే, "నాకైనా ముందు చెప్పాల్సింది" అంది. మేడవాక్కంలో ఆ రోజు నాకు నిజంగా తగిలిన మాట అదే. మూడు వారాలు దాచాను. అందరితోపాటు ఆమెకూ ఉప్మా పళ్లెం చేతిలో ఉండగా చెప్పాను.

రైలు అందింది.

నిన్న సాయంత్రం పెద్దనాన్న ఫోను చేశారు. ఆదివారం తరవాత ఇదే మొదటిసారి.

"నోటీసు వచ్చింది. అంటించారు."

"ఊఁ."

"మీ నాన్న పేరులో ఒక అక్షరం తప్పు పడింది. దిద్దించమని వాళ్లకు ఉత్తరం పెట్టండి, ఇద్దరూ సంతకాలు చేసి."

నాన్న పోయి తొమ్మిదేళ్లు. ఆ పేరు ఈయన తన దస్తావేజుల్లో ఎన్నిసార్లు రాసి ఉంటారో.

"అలాగే పెద్దనాన్నా."

"ఫారం నింపింది ఎవరు?"

"అతనే. తెలుగు పేర్లు కదా, పొరపాటు పడ్డాడు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక ఎవరో స్టాంపు కాగితాల గురించి అడుగుతున్నారు.

"చేతిరాత బాగుంది" అని ఫోను పెట్టేశారు.