చెయ్యి ఎక్కడ పడుతుందో

అమెరికాలో ఏం చేస్తుంటారని మనవాళ్లు అడిగితే ఆక్యుపేషనల్ థెరపిస్టునని చెప్తాను. తర్వాత ప్రశ్న తప్పదు: అంటే ఏంటి? డాక్టర్ని కాదు, నర్సును కాదు, ఫిజియోని కూడా కాదు. పెద్దవాళ్ల ఇళ్లకి వెళ్తాను. మంచం మీంచి ఎలా లేస్తున్నారు, బాత్రూమ్‌లోకి ఎలా వెళ్తున్నారు, మెట్లు ఎలా దిగుతున్నారు, అదంతా చూస్తాను. ఆ ఇంట్లో ఏం మారిస్తే ఆ మనిషి ఇంకా అక్కడే ఉండగలరో చెప్తాను. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి, గడప దాటడమే కష్టంగా ఉన్నవాళ్లకి డాక్టర్ రాసిస్తే మెడికేర్ కింద, అంటే ఇక్కడ ముఖ్యంగా పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా కింద, మా విజిట్లు వస్తాయి. లైసెన్సు పరీక్షకి చదివేటప్పుడు ర్యాంపు వాలెంత, తలుపు వెడల్పెంత, కమోడ్ ఎత్తెంత అని అంకెలు బాగానే బట్టీ పట్టాం. ఇళ్లలోకి వెళ్తే ఆ అంకెలకి సరిపోయే ఇల్లు దాదాపు కనిపించదు.

నేను వెళ్లే ఇళ్లలో ఎక్కువ భాగం ముప్ఫై నలభై ఏళ్లుగా ఒకే కుటుంబం ఉంటున్నవి. బ్యాంకు అప్పు ఎప్పుడో తీరిపోయింది. కొన్నప్పుడు ఇద్దరికీ మోకాళ్లు బాగున్నాయి కాబట్టి పడకగదులు పైన, బట్టలుతికే మెషీన్ కింద బేస్‌మెంట్‌లో, వీధి తలుపు ముందు మూడు మెట్లు ఉన్నా ఎవరికీ ఏమీ అనిపించలేదు. బాత్రూమ్ మామూలుగా 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. అందులో ఒక గోడ పొడవునా టబ్. ఇంటి మొత్తంలో సన్నటి తలుపు సాధారణంగా ఆ గదిదే. 24 అంగుళాల తలుపులు కూడా చూశాను. వాకర్ వెడల్పు కూడా ఇంచుమించు అంతే. దాంతో వాకర్‌ని బయటే వదిలేసి, సింకు అంచు పట్టుకుని, టవల్ రాడ్ పట్టుకుని లోపలికి పోతారు. నేల తడిగా ఉండే గదిలోకి, పడకుండా కాపాడే వస్తువును బయట పెట్టి వెళ్తారన్నమాట.

వికలాంగుల హక్కుల కోసం ఇక్కడ ఏడీఏ అనే చట్టం 1990లో వచ్చింది. ఆఫీసు, హోటల్, షాపు, ఏదైనా సరే తలుపు తీస్తే కనీసం 32 అంగుళాల దారి ఉండాలని దాని కింద ప్రమాణాలు పెట్టారు. సొంత ఇంటికి ఆ చట్టం వర్తించదు. మెడికేర్ సంగతి ఇంకో తమాషా. డాక్టర్ రాస్తే వాకర్ ఇస్తుంది, మంచం పక్కన పెట్టుకునే కమోడ్ కుర్చీ ఇస్తుంది. పడకుండా పట్టుకోవడానికి గోడకి బిగించే గ్రాబ్ బార్‌కి మాత్రం ఒరిజినల్ మెడికేర్, అంటే ప్రభుత్వమే నేరుగా నడిపేది, డబ్బివ్వదు. తుంటి విరిగాక ఆపరేషన్‌కి ఇస్తుంది, విరగకుండా పట్టుకునే కడ్డీకి ఇవ్వదు. ఈ మాట చెప్పినప్పుడు కొందరు నవ్వుతారు. కొందరు నేనే ఆ రూలు రాసినట్టు చూస్తారు.

ఇంట్లోకి వెళ్లగానే కొలత టేపు తీయను. “రోజూ ఎలా వెళ్తారో అలాగే వెళ్లండి, నేను వెనకాల వస్తా” అంటాను. అప్పుడు ఆ మనిషి చేతుల్నే చూస్తాను. రిటైరైన టీచరమ్మ ఒకరు, ఐదడుగులు కూడా ఉండరు. హాల్లోంచి బాత్రూమ్ దాకా నడుస్తూ సోఫా వీపు పట్టుకున్నారు, తర్వాత సొరుగుల బీరువా మూల, తర్వాత తలుపు చట్రం. చట్రం మీద ఆవిడ చెయ్యి పడేచోట పెయింటు నున్నగా అరిగిపోయి లోపలి చెక్క కనిపిస్తోంది. టబ్ పక్కన టవల్ రాడ్ ఒక కొస గోడలోంచి ఊడి వచ్చేసింది. దాన్ని వేలితో తాకితే కిందికీ పైకీ ఆడుతోంది. “ఇంట్లో ఎక్కడా ఏదీ పట్టుకోను, నాకు అలవాటు లేదు” అని అంతకు ముందే ఆవిడ నాతో అన్నారు. అబద్ధం కాదు. పట్టుకుంటున్నట్టు ఆవిడకే తెలియదు.

ఇక్కడి ఇళ్ల గోడలంటే ఇటుకలు కాదు. నిలువుగా కర్రలు నిలబెట్టి, వాటి మీద అర అంగుళం జిప్సమ్ షీటు కొడతారు. ఆ కర్రలని స్టడ్స్ అంటారు, మామూలుగా ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకి 16 అంగుళాలు. గ్రాబ్ బార్ స్టడ్‌కి పడితేనే మనిషి బరువు ఆపుతుంది. 250 పౌండ్లు ఆపాలని ప్రమాణం. వట్టి షీటుకి స్క్రూ కొడితే అది తువ్వాలు ఆరేసుకోవడానికే పనికొస్తుంది. రబ్బరు కప్పుతో టైల్‌కి అంటుకునే బార్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, పిల్లలు తెప్పించి పెడతారు. అవి కనిపిస్తే నేను తీయించేస్తాను. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు.

ఎత్తు విషయంలోనూ అంతే. పబ్లిక్ బాత్రూమ్‌లో బార్ నేల నుంచి 33, 36 అంగుళాల మధ్య ఉండాలని పుస్తకం చెప్తుంది. అక్కడికి ఎవరొస్తారో తెలియదు కాబట్టి అందరికీ కలిపి ఒక అంకె పెట్టారు. ఇంట్లో వాడేది ఎవరో మనకి తెలుసు కదా. టీచరమ్మని బట్టలు తీయకుండానే టబ్ లోపలికీ బయటికీ రెండు మూడుసార్లు రమ్మని, చెయ్యి సహజంగా పడిన చోట మాస్కింగ్ టేపు అంటించాను. పుస్తకం చెప్పిన ఎత్తుకి బాగా కిందే పడింది.

ఆవిడ అభ్యంతరం ఎత్తు గురించి కాదు. “ఇది నా బాత్రూమ్, ఆస్పత్రి కాదు” అన్నారు. ఈ మాట దాదాపు ప్రతి ఇంట్లో వింటాను. కొత్తలో మా సీనియర్ ఒకరు దీన్ని డినయల్ అనేవారు, అంటే తన పరిస్థితిని ఒప్పుకోకపోవడం. నాకలా అనిపించదు. ఎన్నో ఏళ్లు కష్టపడి, ఒక్కో వస్తువూ ఏరి కొనుక్కున్న ఇంట్లో, వాళ్లు ఎన్నుకోని వస్తువు మొదటిసారి గోడెక్కుతోంది. అది చూసిన ప్రతిసారీ ‘నువ్వు ముసలైపోయావు’ అని చెప్తుంది. ఎవరికి ఇష్టముంటుంది? యూనివర్సల్ డిజైన్ అనే మాట తెచ్చిన రోనాల్డ్ మేస్ నార్త్ కరోలినా ఆర్కిటెక్టు, తొమ్మిదో ఏట పోలియో వచ్చి వీల్‌చైర్‌లో బతికిన మనిషి. ఆయన పట్టుబట్టింది ఈ పాయింటు మీదే. వికలాంగులకని వేరే వస్తువు చేయకండి, అందరూ వాడుకునే వస్తువునే అందరికీ అందేలా చేయండి అని. గుండ్రటి నాబ్ బదులు లివర్ హ్యాండిల్ పెడితే వేళ్లు నొప్పులున్నావిడకీ పనికొస్తుంది, రెండు చేతుల్లో సామాన్లున్న మనవడికీ పనికొస్తుంది. దాన్ని చూసి ఇంట్లో పెద్దవాళ్లున్నారని ఎవరూ అనుకోరు. టీచరమ్మకి కుళాయిల రంగులోనే, కింద చిన్న అర ఉన్న బార్ చూపించాను. “ఇదైతే ముందే కొనుక్కునేదాన్ని” అన్నారు.

ఈ రంగంలో అమ్మకాల గోల ఎక్కువ. ‘ఏజింగ్ ఇన్ ప్లేస్’, అంటే వయసు మీదపడ్డా సొంత ఇంట్లోనే ఉండడం, అని కరపత్రం పట్టుకొచ్చే కాంట్రాక్టర్లు టబ్ పీకించి, గోడ జరిపించి, వీల్‌చైర్ తిరిగే షవర్ కట్టించమంటారు. వీల్‌చైర్ పూర్తిగా తిరగాలంటే 60 అంగుళాల ఖాళీ కావాలి, చిన్న బాత్రూమ్‌లో అది రాదు కాబట్టి పక్క గదిలోకి చొచ్చుకుపోవాలి. నిజంగా అవసరమైనవాళ్లు ఉన్నారు. కానీ నేను చూసే చాలామందికి ట్రాన్స్‌ఫర్ బెంచీ చాలు. దానికి రెండు కాళ్లు టబ్ బయట, రెండు లోపల. బయటే కూర్చుని, జరుగుతూ, ఒక్కో కాలూ లోపలికి తీసుకుంటారు. చేతితో పట్టుకునే షవర్, సరైన చోట ఒక బార్, అంతే. బాత్రూమ్ తలుపుకి మామూలు బందులు తీసి ఆఫ్‌సెట్ బందులు వేస్తే తలుపు పూర్తిగా పక్కకి జరిగి, దాని మందమంత దారి కలిసొస్తుంది. గోడ పగలగొట్టక్కర్లేదు. ఆ అంగుళంన్నరతో వాకర్ లోపలికి వెళ్లిన ఇళ్లు ఉన్నాయి.

ర్యాంపు గురించి అందరూ ఆశగా అడుగుతారు. ఒక అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు కావాలి. వీధి తలుపు ముందున్న మూడు మెట్లు ఒక్కోటి 7 అంగుళాలనుకుంటే 21 అంగుళాల ఎత్తు, అంటే 21 అడుగుల ర్యాంపు. మలుపుంటే చదునైన చోటు అదనం. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే సగంమంది గరాజ్ వైపు ఎన్ని మెట్లున్నాయో చూద్దామంటారు.

మెట్ల దగ్గరే నాకు ఎక్కువ వాదనలు. ఒకప్పుడు వడ్రంగం చేసిన పెద్దాయన ఒకరు, సొంత ఇంటి మెట్లు తనే కట్టుకున్నారు. దిగుతూ చివరి మెట్టు దగ్గర పడ్డారు. కొడుకు వేరే రాష్ట్రం నుంచి స్పీకర్ ఫోన్‌లో ఉన్నాడు: మంచం కిందికి మార్చేయండి, లేదంటే స్టెయిర్ లిఫ్ట్ (కూర్చుంటే మెట్ల వెంట పైకీ కిందికీ తీసుకెళ్లే కుర్చీ) పెట్టించండి. పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. నేను ఆయన వెనకే మెట్లు ఎక్కి దిగాను. ఎంతో శ్రద్ధగా నునుపు చేసిన ఓక్ రెయిలింగ్, కానీ ఒక వైపే ఉంది, అదీ చివరి మెట్టు రాకముందే అయిపోయింది. కాళ్లు సరిగా కనపడని మనిషికి నేల వచ్చిందని చెప్పేది చెయ్యే. రెయిలింగ్ అయిపోయింది కాబట్టి మెట్లూ అయిపోయాయని చెయ్యి చెప్పింది, ఆయన చదును అనుకుని అడుగేశారు. దానికి తోడు ప్రోగ్రెసివ్ కళ్లజోడు. కింది భాగం చదువుకోవడానికి చేసింది కాబట్టి అందులోంచి చూస్తే మెట్టు అంచు మసకగా కనిపిస్తుంది.

ఆయనకి ఇది విప్పి చెప్పగానే కుర్చీలోంచి ముందుకి వంగారు. కడ్డీ లావు ఎంత ఉండాలని అడిగారు. పిడికిలి చుట్టూ పట్టాలి, అంగుళంపావు నుంచి రెండంగుళాల లోపు అన్నాను. చివరి మెట్టు దాటి ఇంకో మెట్టు వెడల్పంతా రావాలన్నాను. “రెండో వైపు కూడా అదే చెక్క వేస్తా, లేకపోతే చూడలేను” అన్నారు. తర్వాతి విజిట్‌కి వెళ్తే గరాజ్‌లో కొలతలేసిన ఓక్ చెక్క బల్ల మీద ఉంది, బిగించడానికి పక్కింటి కుర్రాణ్ని పిలిచారు. మంచం పైనే ఉంది. మంచం కిందికి మార్చడానికి నేను తొందరపడను. ఇద్దరున్న ఇంట్లో ఒకరు కింద, ఒకరు పైన అయిపోతారు. రోజుకి రెండుసార్లు మెట్లెక్కే కాళ్లు ఆ పనీ మానేస్తాయి. ఊపిరాడని జబ్బో, పార్కిన్సన్సో ఉంటే అది వేరే లెక్క.

ఆ కొడుకుని ఏమీ అనలేను. దూరంగా ఉన్న పిల్లలు చేయగలిగేది వస్తువులు పంపడమే. ఇక్కడి గరాజ్‌లలో విప్పని పార్సిళ్లు చూస్తుంటాను: సెన్సర్లు, అలారాలు, మెడలో వేసుకునే బటన్లు. మన అమ్మానాన్నలకి మనం పంపినవి కూడా ఎక్కడో ఒక బీరువా మీద అట్టపెట్టెల్లో ఉంటాయి. పిల్లలకి నేను చెప్పేది దీపాల గురించి. ఇరవై ఏళ్ల కంటిలోకి వెళ్లే వెలుతురులో అరవై ఏళ్ల కంటికి అందేది ఇంచుమించు మూడో వంతు. మంచం నుంచి బాత్రూమ్ దాకా కాలు కింద పెట్టగానే వెలిగే దీపాలు పెట్టి, దారిలో ఉన్న చిన్న తివాచీలు తీసేస్తే చాలా పని అయిపోతుంది. వచ్చినప్పుడు ఒక పూట పడుతుంది. ఫోన్‌లో మాత్రం కుదరదు.

ఉద్యోగం వైపు టెన్షన్ ఇంకోరకం. ఎన్ని విజిట్లు, ఎన్ని నిమిషాలు అన్నదానికి పైన లెక్కలుంటాయి. కారులో కూర్చుని ల్యాప్‌టాప్ స్టీరింగ్‌కి ఆనించి నోట్స్ కొడుతుంటాను. ఏం బిగించాలో రిపోర్టులో రాస్తాను, బిగించే మనిషిని పంపే అధికారం నాకు లేదు. ఆ కాగితం ఎన్నో ఇళ్లలో ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద అలాగే ఉండిపోతుంది, ఇంతలో నా విజిట్లు అయిపోతాయి. జాన్స్ హాప్కిన్స్ నర్సింగ్ స్కూల్లో తయారైన కేపబుల్ అనే ప్రోగ్రామ్‌లో థెరపిస్టుతో పాటు నర్సు, చేతిపని చేసే హ్యాండీమ్యాన్ కూడా ఇంటికి వెళ్తారు. మీకు ఏం చేయగలగాలని ఉంది అని ముందు ఆ పెద్దవాళ్లనే అడుగుతారు. అందులో పనిచేసేవాళ్లని చూస్తే నాకు అసూయ.

అన్ని ఇళ్లూ నిలబడవు. పొయ్యి వెలిగించి మర్చిపోయే స్థితి వచ్చి, ఇంట్లో తోడెవరూ లేకపోతే ఎన్ని బార్లు బిగించినా లాభం లేదు. అప్పుడు ఇల్లు మారమని చెప్పేది కూడా నేనే.

ఇప్పుడు మనవాళ్లకే యాభైలు దాటుతున్నాయి. ఇళ్లు చూడ్డానికి వెళ్లేటప్పుడు స్కూల్ చూస్తారు, ఆఫీసు దూరం చూస్తారు, గరాజ్‌లో ఎన్ని కార్లు పడతాయో చూస్తారు. కింద ఒక పడకగది, స్నానం చేయడానికి వీలైన బాత్రూమ్ ఉన్నాయా అని ఎవరూ చూడరు, కింద ఉన్నది కమోడ్, సింకు మాత్రమే ఉండే సగం బాత్రూమ్. బాత్రూమ్ రీమోడల్ చేయిస్తున్నామని ఫోన్ చేసినవాళ్లకి ఒకటే చెప్తాను. టైల్స్ వేయకముందు కమోడ్ పక్కనా, షవర్ చుట్టూ స్టడ్స్ మధ్య ప్లైవుడ్ గానీ కర్ర గానీ అడ్డంగా కొట్టించండి, దాన్నిక్కడ బ్లాకింగ్ అంటారు. గోడ తెరిచే ఉంది కాబట్టి మేస్త్రీకి అది పెద్ద పని కాదు. గోడ మూసేముందు టేపు ఆనించి, నేల నుంచి ఎత్తు కనపడేలా ఫొటో తీసి దాచుకోండి. బార్ ఇప్పుడే పెట్టక్కర్లేదు.